దారిఖర్చులు – 5: చాందా రైలు రభస

పోయిన భాగంలో రైలును వాడి నుంచి సికింద్రాబాద్ దాకా తెచ్చి ఆపాం. 1874లో ఆ లైను తెరిచేనాటికి అవసరం ఎవరిది, ఖర్చు ఎవరిది అన్న లెక్క తేలిపోయింది. సికింద్రాబాద్ దండును బొంబాయి–మద్రాసు మార్గానికి కలపాలన్న పట్టుదల ఇంగ్లిషు సర్కారుది. కట్టుబడి ఖర్చు నిజాం ఖజానాది. ఆ భారం మోస్తూనే దివాన్ మొదటి సాలార్‌జంగ్ రాజ్యాన్ని అప్పుల ఊబిలోంచి బయటికి లాగాడు. అయితే వాడి లైను తెరిచింది పడమటి వాకిలి మాత్రమే. తూర్పున వరంగల్ ఇలాకా, సింగరేణి బొగ్గు, కృష్ణ ఒడ్డున బెజవాడ, ఆ పైన సముద్రం: అటు దారి ఇంకా ఎడ్లబండిదే. ఈ భాగం ఆ తూర్పు లైను కథ. దీంట్లో పట్టాలు పడకముందే 1883లో పెద్ద రభస జరిగింది. ఒక సర్కారీ పథకం కాగితాలు బయటపెట్టండని హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లు కూడబలుక్కుని అడిగారు. అడిగినందుకు ఒకాయనను రాజ్యం దాటించారు.

ఆ లైను ఎవరికోసం వచ్చిందో తెలుసుకోవాలంటే దాని మీద ఉన్న ఊళ్లకంటే దానికి ఎడంగా మిగిలిన ఊళ్ల నుంచి చూడటం మేలు. జఫర్‌గఢ్‌ను తీసుకోండి. పాతపేరు వేల్పుకొండ. 18వ శతాబ్దంలో జఫరుద్దౌలా కోటతో ఇప్పటి పేరు వచ్చింది. కోటల కాలంలో గుట్ట ఎక్కి చుట్టూ నేల కాపలా కాసే ఊరికి విలువ ఉండేది. రైలు కాలంలో విలువ స్టేషన్‌కు మారింది. జనగామ దాటి వచ్చిన పట్టాలు ఘన్‌పూర్ మీదుగా కాజీపేటకు పోయాయి. జఫర్‌గఢ్ వాళ్లకు దగ్గరి స్టేషన్ ఘన్‌పూర్. ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. పాత వరంగల్ జిల్లాలో ఘన్‌పూర్‌లు రెండు ఉండటంతో రైలున్నదాన్ని ‘స్టేషన్’ చేర్చి పిలవడం మొదలైంది. కాకతీయుల కోటగుళ్లున్న రెండో ఘన్‌పూర్ ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో ఉంది. ఆ జిల్లాలో బొగ్గు గనులున్నాయి, చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది, ప్రయాణికుల రైలు ఎక్కడానికి మాత్రం ఒక్క స్టేషన్ లేదు. ఇది నేటి సంగతి కదా, 1883తో పనేమిటని అడగొచ్చు. పని ఉంది. రైలు ఎక్కడికి పోవాలో ఎవరు నిర్ణయించారన్న ప్రశ్న అప్పటిదే.

నా వాదన ముందే చెప్పేస్తాను. తూర్పు లైనుకు అప్పు చేయడం తప్పు కాదు, ప్రజల సొమ్ము పెట్టడం అసలే తప్పు కాదు. నష్టం వస్తే భరించే పూచీ ఒకరి నెత్తిన పెట్టి, మార్గం, వేగం, రేట్లు నిర్ణయించే పెత్తనం ఇంకొకరి చేతిలో పెట్టడంలోనే తప్పంతా ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దలు అన్నది ఇట్లాంటి ఒప్పందాల గురించే.

ఆ ఒప్పందం పేరు హామీ. లండన్‌లో ఒక కంపెనీ పెడతారు. అది వాటాలమ్మి డబ్బు పోగు చేసి రైలు వేస్తుంది. ఆ మూలధనం మీద ఏటా నూటికి ఐదు చొప్పున రాబడి తప్పక వస్తుందని నిజాం ప్రభుత్వం 20 ఏళ్లపాటు పూచీ పడుతుంది. రైలు నూటికి ఐదు సంపాదిస్తే గొడవే లేదు. రెండే సంపాదిస్తే మిగతా మూడూ ఖజానా కట్టాలి. ఏమీ సంపాదించకపోతే ఐదుకు ఐదూ కట్టాలి. ఇందులో మెలిక ఎక్కడుందో చూడండి. లండన్‌లో కూర్చున్న వాటాదారుకు రైలు నిండుగా నడిచినా ఒకటే, ఖాళీగా నడిచినా ఒకటే. ఇటుకకు బదులు చెక్కిన రాయి వాడినా, రూపాయి పనికి రెండు రూపాయలు పెట్టినా అతని రాబడి తగ్గదు; పైగా పెట్టుబడి పెరిగితే హామీ వచ్చే మొత్తమూ పెరుగుతుంది. పొదుపు చేయాల్సినవాడికి పొదుపు చేస్తే లాభం లేదు, నష్టపోయేవాడికి ఖర్చు ఆపే అధికారం లేదు. ఈ సంగతి నిజాం దర్బారుకు కొత్తగా తోచిందేమీ కాదు. ఇంగ్లిషు ఇండియాలో 1850ల నుంచి ఇదే ఐదు శాతం హామీతో లైన్లు వేసి, ఏటేటా ఖజానా నుంచి చెల్లించి చెల్లించి, 1869 నాటికి వైస్రాయ్ లారెన్స్ ప్రభుత్వమే విసిగిపోయింది. ఇక సర్కారే సొంతంగా రైళ్లు వేసుకుందాం అన్న నిర్ణయానికి వచ్చింది. తర్వాత మళ్లీ కంపెనీలను పిలిచినా కొత్తవాటికి ఇచ్చింది నాలుగు శాతం అటూఇటూ. అంటే తమ ఇంట్లో వద్దనుకున్న షరతు 1883లో హైదరాబాద్‌కు పనికొచ్చింది.

దీనికి తోడు మారకం చిక్కు ఒకటి. శిస్తు వచ్చేది నిజాం సొంత నాణెం హాలీ సిక్కాలో. దాన్ని ఇంగ్లిషు రూపాయిలోకి, అంటే కల్దారులోకి మార్చాలి. ఆ కల్దారును పౌండ్లలోకి మార్చాలి. 1870ల మొదట్లో రూపాయికి దాదాపు రెండు షిల్లింగులు వచ్చేవి. వెండి ధర పడిపోతూ వచ్చి 1890ల మొదటికి అది ఒక షిల్లింగు మూడు పెన్నీల దగ్గరికి దిగింది. లండన్‌లో పౌండ్లలో లెక్కగట్టిన మూలధనం మీద పూచీ పడ్డవాడికి రైలు ఒక్క మైలు కూడా పెరగకుండానే భారం పెరుగుతుంది. జొన్న కంకి మీద, వరి మడి మీద శిస్తు కట్టే జనగామ రైతుకు లండన్ వెండి ధరతో సంబంధం ఇట్లా కలిసింది. అతనికి ఆ సంగతి తెలియజెప్పినవాళ్లు లేరు.

హైదరాబాద్‌లో మాత్రం తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్ల భయానికి కారణాలు రెండు, రెండూ అనుభవంలోంచి వచ్చినవే. మొదటిది పామర్ కంపెనీ. 19వ శతాబ్దం తొలి పాదంలో విలియం పామర్ కంపెనీ నిజాం దర్బారుకు భారీ వడ్డీలకు అప్పులిచ్చి రాజ్యం ఆదాయాన్నే గుప్పిట్లో పెట్టుకుంది. రెండోది బీరార్. కాంటింజెంట్ సైన్యం జీతాల బాకీ పేరుతో 1853లో ఇంగ్లిషువాళ్లు పత్తి పండే బీరార్‌ను తమ అజమాయిషీలోకి తీసుకున్నారు. సాలార్‌జంగ్ దివాన్ అయింది ఆ ఏడాదే. తర్వాత ముప్పై ఏళ్లు ఆయన మనసులో ఉన్నది బీరార్‌ను తిరిగి తెచ్చుకోవడమే. 1876లో ఇంగ్లండు వెళ్లినప్పుడూ ఆ మాటే ఎత్తాడు, ఫలితం లేకపోయింది. అప్పు తీరకపోతే నేల పోతుందని కళ్లారా చూసిన తరం అది. విదేశీ కంపెనీకి 20 ఏళ్ల పూచీ అంటే వాళ్లకు బీరార్ గుర్తుకు రావడంలో వింతేమీ లేదు.

1883 ఫిబ్రవరి 8న సాలార్‌జంగ్ కలరాతో హఠాత్తుగా పోయాడు. నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి పదహారేళ్లు. పూర్తి అధికారాలు చేతికి వచ్చింది 1884 ఫిబ్రవరిలో, వైస్రాయ్ రిప్పన్ స్వయంగా వచ్చి గద్దె మీద కూర్చోబెట్టినప్పుడు. ఈ మధ్య ఏడాదిపాటు రాజ్యం నడిపింది సాలార్‌జంగ్ కొడుకు లాయఖ్ అలీ, పేష్కార్ రాజా నరేంద్ర ప్రసాద్ వంటివాళ్లు. వెనక నుంచి దిద్దింది ఇంగ్లిషువాళ్ల రెసిడెన్సీ. గట్టిగా బేరమాడే దివాన్ లేడు, సంతకం బాధ్యత తీసుకునే రాజు ఇంకా మైనరు. సరిగ్గా ఆ సందులో రైలు పథకం ముందుకు తోసుకొచ్చింది. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడకు ఒక లైను, వరంగల్ వైపు నుంచి ఉత్తరాన మధ్యపరగణాల్లోని చాందాకు ఇంకో లైను. జనం నోట ఈ మొత్తానికి చాందా రైలు పథకం అనే పేరు పడింది. బేరసారాల్లో ముందున్నది రాజ్యం ఉద్యోగి సర్దార్ అబ్దుల్ హక్. ఈయన పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

ఎదురు నిలిచినవాళ్లలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు అఘోరనాథ్ చటోపాధ్యాయ, ఎడింబరోలో రసాయనశాస్త్రం చదివి డాక్టరేటు పొంది, హైదరాబాద్ కాలేజీని నిలబెట్టినవాడు. ఆయన కూతురు సరోజినికి అప్పటికి నాలుగేళ్లు. రెండోవారు ముల్లా అబ్దుల్ ఖయ్యూం, రాజ్యం ఉద్యోగి, పండితుడు, తర్వాతి రోజుల్లో కాంగ్రెస్‌ను బాహాటంగా సమర్థించినవాడు. ఒక బెంగాలీ, ఒక హైదరాబాదీ. వీళ్లు, వీళ్లతో కలిసినవాళ్లు కోరింది చాలా చిన్న కోరిక. ఒప్పందం షరతులు ఏమిటో ప్రకటించండి, చర్చించడానికి వ్యవధి ఇవ్వండి, ఖజానా మీద ఎంత భారం పడుతుందో చెప్పండి అన్నారు. రైలే వద్దని వాళ్లు అనలేదు. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే అప్పుడూ ఆ తర్వాతా వాళ్ల మీద పడిన ముద్ర వేరు: అభివృద్ధికి అడ్డుపడ్డారని. సర్కారు వాళ్ల ప్రశ్నలకు లెక్కలతో జవాబివ్వలేదు. 1883 మే నెలలో అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి పంపించివేశారు. ముల్లా ఖయ్యూం మీదా వేటు పడింది. తర్వాత అఘోరనాథ్‌ను తిరిగి రానిచ్చారు, కాలేజీ పనిలోకీ తీసుకున్నారు. అంటే ఆయన ప్రమాదకారి కాడని సర్కారుకూ తెలుసు. ఒప్పందం మాత్రం సర్కారు కోరుకున్నట్టే సాగింది. నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ లండన్‌లో వెలిసింది. నిజాం సొమ్ముతో వేసిన పాత వాడి లైను కూడా దాని చేతికే వెళ్లింది.

హామీ ఇవ్వకపోతే ఎవరు డబ్బు పెడతారు? బయటి పెట్టుబడి రాకపోతే వరంగల్‌కు రైలు ఇంకో ముప్పై ఏళ్లకైనా వచ్చేదా? ఇది కొట్టిపారేయదగ్గ ఆక్షేపణ కాదు. హైదరాబాద్‌లో అంత మూలధనం పోగు చేసే బ్యాంకులు లేవు, షేరు మార్కెట్టు లేదు, సాహుకార్లు ఇచ్చే అప్పు ఐదు శాతానికి దొరికేది కాదు. అయినా దారి ఒకటే ఉందనడం చరిత్రకు సరిపోదు. పక్కనున్న మైసూరు రాజ్యం బెంగుళూరు–మైసూరు మధ్య లైనును సొంత ఆదాయంతో మొదలుపెట్టి 1882లో నడిపింది. మీటరు గేజి, తక్కువ ఖర్చు, మెల్లగా కట్టుకున్న లైను. తర్వాత దాన్నీ సదరన్ మరాఠా కంపెనీకి అప్పగించాల్సి వచ్చిన మాట నిజమే; కానీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత వేగంగా పోవాలో తొలుత మైసూరే నిర్ణయించుకుంది. హైదరాబాద్‌కు బొంబాయి, మద్రాసు లైన్లతో కలిసే బ్రాడ్‌గేజి వచ్చింది. దండుకూ బొగ్గుకూ అది కావాలి. ఘన్‌పూర్‌లో ఆముదాలు ఎక్కించే రైతుకు సన్నగేజి అయినా సరిపోయేది. ఇక అసలు సంగతి: హామీ తప్పనిసరి అనుకున్నా, హామీ షరతులు దాచడం తప్పనిసరి కాదు. అఘోరనాథ్ అడిగింది ఆ రెండోదాని గురించి.

పని మాత్రం చురుగ్గా సాగింది. 1886లో వరంగల్‌కు రైలు చేరింది. 1888 నాటికి డోర్నకల్, అక్కడి నుంచి సింగరేణి గనులు, 1889లో బెజవాడ. మూడేళ్లలో జనగామ, ఘన్‌పూర్, కాజీపేట, కేసముద్రం, మానుకోట వంటి ఊళ్ల ముందు నుంచి పట్టాలు పరుచుకుపోయాయి. మానుకోట స్టేషన్‌కు నిజాం పేర మహబూబాబాద్ అని పెట్టారు. ఈ రోజు అది జిల్లా పేరు, ఊళ్లో మాత్రం మానుకోట మాట పోలేదు. ఈ పని చేసిన కూలీల పేర్లు ఏ నివేదికలోనూ ఉండవు. మట్టి తవ్వడం, రాయి కొట్టడం ఈ నేల మీద తరతరాలుగా వడ్డెరల పని. చెరువు కట్టలు పోసిన చేతులకు రైలు కట్ట కొత్త కాదు. తేడా ఒక్కటే, చెరువు కట్ట పోసినవాడి పొలానికి నీళ్లు పారేవి.

మరి చాందా? రభసకు పేరిచ్చిన ఆ లైను పక్కకు పోయింది. కంపెనీ దృష్టి పడమట గోదావరి లోయ మీదుగా మన్మాడ్ వైపు మళ్లింది. 1900 ప్రాంతానికి హైదరాబాద్–మన్మాడ్ మీటరు గేజి తయారైంది. చాందా వైపు పోయే కాజీపేట–బల్లార్షా లైను పూర్తయింది 1920ల చివర్లో. నలభై అయిదేళ్లు! ఏ లైను కోసమని చెప్పి హామీ తెచ్చారో ఆ లైను ఒకటిన్నర తరం ఆగింది. బెజవాడ లైను మాత్రం ఒక్క రోజు ఆగలేదు. ఎందుకో చెప్పడానికి బొగ్గు చాలు. 1871లో భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉనికి కనిపెట్టాడు. దక్షిణాదిలో రైళ్లకూ మిల్లులకూ దగ్గరలో బొగ్గు అదొక్కటే. 1886లో లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ రిజిస్టరైంది, గనుల హక్కులు దానికి దక్కాయి, 1889లో తవ్వకం మొదలైంది. రైలు వచ్చిన ఏడాదీ బొగ్గు వచ్చిన ఏడాదీ పక్కపక్కనే ఉండటం కాకతాళీయం కాదు. ఆ గనుల బేరంలోనూ అబ్దుల్ హక్ ఉన్నాడు. వాటాల్లో ఆయన సొంతానికి లాభం చేసుకున్న సంగతి బయటపడి 1888లో ఇంగ్లండు పార్లమెంటు కమిటీ విచారణ దాకా పోయింది. ఆయన పదవి ఊడింది. 1883లో కాగితాలు చూపమన్నవాళ్లు అనుమానించింది సరిగ్గా ఇలాంటిదాన్నే. వాళ్లను పంపించిన అయిదేళ్లకు ఆ అనుమానం పార్లమెంటు రికార్డుల్లోకి ఎక్కింది. గనుల కుంభకోణం వేరు, రైలు ఒప్పందం వేరు అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఒకే చేయి, ఒకే చీకటి అన్నంతవరకే నా మాట.

ఇక ఊళ్ల సంగతి. రైలుకు ముందు ఈ ప్రాంతంలో సరుకు మోసింది లంబాడీల పెరికె ఎడ్లు. కోస్తా నుంచి ఉప్పు, ఇటు నుంచి ధాన్యం, పత్తి. బిడారులు బిడారులుగా, వర్షాకాలం ఒకచోట ఆగి, ఎండలు రాగానే కదిలే వ్యాపారం. మంచి రోడ్డు లేకపోవడమే వాళ్లకు బతుకుతెరువు, ఎందుకంటే బండి దిగబడేచోట ఎద్దు నడుస్తుంది. ఉప్పు బస్తా బెజవాడ నుంచి రైల్లో దిగడం మొదలయ్యాక ఆ వ్యాపారం కూలిపోయింది. బిడారు ఆగినచోటే తాండా అయింది; మోసేవాళ్లు కూలీలుగా, కౌలుదార్లుగా, పోడు కొట్టుకునేవాళ్లుగా మారారు. ఇంగ్లిషు సర్కారు 1871 నేరస్థ జాతుల చట్టం తెచ్చిన కాలం కూడా ఇదే. దేశం తిరిగే బతుకు మీదే అనుమానం పడింది. నేటి మహబూబాబాద్ జిల్లాలో ఇన్ని తాండాలు ఎందుకున్నాయో అర్థం చేసుకోవాలంటే రైల్వే చరిత్ర చదవాలి. పాత బతుకు పోయినవాళ్లకు పరిహారం అన్న ఊహ హామీ ఒప్పందంలో లేదు. ఐదు శాతం పూచీ వాటాదారుకే.

రైలు మేలు చేయలేదా అంటే చేసింది, గట్టిగా చేసింది. ఈనాడు వ్యవసాయ మార్కెట్లకు పేరుపడ్డ ఊళ్లు చూడండి: జనగామ, వరంగల్, కేసముద్రం, ఖమ్మం. అన్నీ ఆ లైను మీదివే. ఆముదాలు, నూనెగింజలు, పత్తి మంచి ధరకు బయటికి పోయాయి; కిరసనాయిలు, మిల్లు బట్ట లోపలికొచ్చాయి. మిల్లు బట్ట వచ్చి సాలెల మగ్గాలను దెబ్బకొట్టింది, అదే రైలు ఆసరాగా 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు నిలిచింది. కరువు మాట కూడా చెప్పాలి. 1876–78 దక్షిణాది కరువులో లక్షల ప్రాణాలు పోయాక, రైలుంటే ధాన్యం అందేదన్న వాదన బలంగా వినిపించింది. అది సగం నిజం. రైలు ధాన్యాన్ని ధర ఉన్నచోటికి మోస్తుంది. ఆకలి ఉన్నచోట ధర కూడా ఉంటే సరి. చేతిలో పైసా లేని పల్లెలో ఆకలి ఉంటుంది, ధర ఉండదు. అందుకే ఆర్థర్ కాటన్ జీవితమంతా రైళ్లకంటే కాలువలు ముందని పోరాడాడు. ధవళేశ్వరంలోనూ బెజవాడలోనూ ఆయన మాట ఎంత నిజమో గోదావరి, కృష్ణా జిల్లాలు చూపించాయి. వరంగల్ జిల్లాకు అంతకంటే పాత సాక్ష్యం ఇంట్లోనే ఉంది: పాకాల, రామప్ప, లక్నవరం. కాకతీయుల చెరువు కట్ట ఒకటి బాగుచేస్తే దాని రాబడి దాని కిందే తేలుతుంది. నూటికి ఐదు పౌండ్లలో కడతామని ఎవరికీ రాసివ్వనక్కరలేదు.

రైలు ప్రతి ఊరికీ పోలేదు, ఇంజనీరు చదునైన నేలా తక్కువ దూరమూ చూసుకుంటాడు, జఫర్‌గఢ్‌కు పట్టాలు రాలేదని ఏడవడం అర్థం లేని పని. ఈ మాట అనేవాళ్లతో నాకు తగాదా లేదు. నేను అడుగుతున్నది పట్టాల గురించి కాదు, స్టేషన్ దాకా పోయే బాట గురించి. లైను ఖర్చుకు ఖజానా పూచీ ఉంది. స్టేషన్‌కు చేర్చే రోడ్డు ఖర్చుకు ఎవరి పూచీ ఉంది? ఆ కాలంలో వచ్చిన లోకల్ ఫండ్ పద్ధతిలో శిస్తు రూపాయికి ఒక అణా సెస్సు వసూలు చేసేవాళ్లు. లక్ష రూపాయల శిస్తు వచ్చేచోట సెస్సు 6,250 రూపాయలు. బడులు, దవాఖానాలు, ఊరి రోడ్లు అన్నీ అందులోంచే. పైన వాటాదారు వడ్డీకి మొదటి హక్కు. కింద పల్లె బాటకు మిగిలితే హక్కు. చౌమాసంలో నల్లరేగడిలో బండి కూరుకుపోయి, గింజలు స్టేషన్ చేరేలోగా ధర పడిపోతే ఆ నష్టం రైలు లెక్కల్లో ఎక్కడా కనిపించదు. ఆ బాటల మీద అధికారులు సర్కీటుకు వస్తే సామాను మోసింది వెట్టివాళ్లు. స్టేషన్‌లో కూలీ మోస్తే డబ్బు, ఊళ్లో మోస్తే వెట్టి. రెండు లోకాల మధ్య దూరం ఒక పూట ప్రయాణం.

చివరి ఆక్షేపణ అన్నిటికంటే గట్టిది. అంత భయపడ్డారు, ఏమైంది? రాజ్యం దివాలా తీయలేదు. బీరార్ లాగా వరంగల్ పోలేదు. రైలు లాభాల్లో పడింది. 1930 ఏప్రిల్‌లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి మొత్తం కొనేసింది. కాబట్టి అఘోరనాథ్ భయం అతిశయం, సర్కారు ముందుచూపే గెలిచింది అంటారు. ఈ వాదనలో మొదటి సగం ఒప్పుకోవాల్సిందే. దివాలా భయం నిజం కాలేదు. కానీ 1930లో కొనుగోలు జరగడమే రెండో సగానికి జవాబు. మన పూచీతో, మన నేల మీద, మన బొగ్గు మోసి లాభపడ్డ లైనును మళ్లీ మనమే డబ్బిచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ నలభై ఏడేళ్లలో కొత్త లైను ఎక్కడ వేయాలన్నా, ఏ స్టేషన్‌కు ఏ రేటు పెట్టాలన్నా మాట లండన్ బోర్డుది. మాట చేతికి వచ్చాక ఏం మారిందన్నదే అసలు పరీక్ష. మారిందని చరిత్ర చెబుతోంది, అదీ రెండేళ్లలోనే. ఆ సంగతి వచ్చే భాగానికి ఉంచుదాం.

ఈ రోజుల్లో కేంద్ర బడ్జెట్ రాగానే మన రైళ్లకు ఇన్ని కోట్లు, జాతీయ రహదారులకు ఇన్ని కోట్లు అని పెద్దక్షరాల్లో వస్తుంది. అంకె మీద చర్చ జరుగుతుంది, దారి మీద జరగదు. కాజీపేటకు అనుకున్న కోచ్ ఫ్యాక్టరీ 1980ల్లో కపుర్తలకు ఎట్లా తరలిందో, రామగుండం–మణుగూరు లైను భూపాలపల్లి మీదుగా అని ఏళ్లకేళ్లుగా కాగితం మీదే ఎందుకు నడుస్తోందో అడిగేవాళ్లు ఇప్పుడు దేశం దాటాల్సిన పని లేదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1883లో ఒక ప్రొఫెసర్‌ను ఊరు దాటించిన ప్రశ్న అదే. పెట్టుకునేవాళ్లు ఎందరన్నది పాఠకులే చెప్పాలి.

వచ్చే భాగంలో రైల్వే రోడ్డెక్కుతుంది. పట్టాలు లేని ఊళ్లకు తానే బస్సు నడపాలని నిజాం స్టేట్ రైల్వే నిర్ణయించుకున్న కథ, ప్రైవేటు మోటారు యజమానులతో దాని పోటీ, ఆ బస్సు కోసం వేసిన రోడ్ల మీదే పదిహేనేళ్ల తర్వాత జనగామ తాలూకాలో ఎవరు ఎవరి కోసం కాపు కాశారన్న కథ. 1932 జూన్‌లో ఆ రోడ్డు రవాణా శాఖ మొదలైనప్పుడు దాని దగ్గర ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు.